హియరింగ్ ఎయిడ్ కొనేముందు ఆడియాలజిస్ట్‌ని చూడండి | విజయవాడ రివ్యూ

నమస్తే అండీ. ఫోనాక్ మంచిదా, సిగ్నియా మంచిదా, ఒటికాన్ తీసుకోమంటారా అని చాలామంది అడిగారు. ఇవాళ వాటి జోలికి పోను. చెవికి సెట్ చేసే మనిషికి పని రాకపోతే 2 లక్షలు పెట్టిన మెషిన్ కూడా బీరువాలోకే పోతుంది. అందుకే ఈ రివ్యూ ఆడియాలజిస్టుల గురించి, అంటే వినికిడి పరీక్షించి మెషిన్ సెట్ చేసేవాళ్ల గురించి.

మా అమ్మ కోసం బెజవాడ అంతా తిరిగాం. అమ్మ ఒకటే అంటుంది: "వినపడుతోందిరా, మాటే తెలియట్లేదు." సంచి తెమ్మంటే "ఇప్పుడు కంచికెందుకు?" అంటుంది. వయసుతో వచ్చే చెవుడు ఎక్కువగా ఇలాగే ఉంటుంది. ముందు పోయేవి స, ష, త లాంటి సన్నటి శబ్దాలు. మనం గొంతు చించుకున్నా ఆ శబ్దాలు పెద్దగా పెరగవు. ఇంట్లో అందరికీ బీపీ పెరుగుతుంది, అంతే.

మొదట వెళ్లింది ఒక షాపుకి. పేరు చెప్పను. తలుపు తీసే ఉంది, రోడ్డు మీద ఆటో హారన్లు లోపలికి వస్తున్నాయి, అందులోనే హెడ్‌ఫోన్స్ పెట్టి టెస్ట్ కానిచ్చేశారు. చెవిలోకి ఒక్కసారైనా తొంగి చూడలేదు. వెంటనే కేటలాగ్ తీసి, "16 ఛానెల్స్ తీసుకోండి సార్, ఆఫర్ ఆదివారం దాకానే" అన్నారు. అక్కడినుంచి బయటపడ్డాం. ఆఫర్ చూసి కొనడానికి అదేమన్నా మిక్సీనా?

తర్వాత సూర్యారావుపేటలో ఒక మేడమ్ దగ్గరికి వెళ్లాం. ఆవిడ ముందు లైటు వేసి చెవిలో గులిమి ఉందేమో చూశారు. సౌండ్‌ప్రూఫ్ గదిలో కూర్చోబెట్టి 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా రెండు చెవులూ విడివిడిగా పరీక్షించారు. చెవి వెనక ఎముక మీద ఒక చిన్న వైబ్రేటర్ పెట్టి మళ్లీ చేశారు. లోపం బయటి చెవిలోనో మధ్య చెవిలోనో ఉందా, లేక లోపలి చెవిలో ఉందా అన్నది దీనితో తెలుస్తుంది. నాకు బాగా నచ్చింది ఆ తర్వాత చేసిందే. పెదాలు కనపడకుండా నోటికి కాగితం అడ్డం పెట్టుకుని, ఒక్కో తెలుగు మాటా చెప్పి అమ్మ చేత తిరిగి చెప్పించారు. అన్నాళ్లూ అమ్మ మా పెదాలు చూసి నెట్టుకొస్తోందని అప్పుడు తెలిసింది.

ఇక అసలు విషయం, రియల్ ఇయర్ మెజర్‌మెంట్. కంప్యూటర్ దానంతటదే ఇచ్చే సెట్టింగ్ సగటు చెవి లెక్కకి ఉంటుంది. ఒక్కొక్కరి చెవి రంధ్రం ఒక్కోలా ఉంటుంది కాబట్టి శబ్దం కూడా మారుతుంది. అందుకని మెషిన్‌తో పాటు వెంట్రుకలాంటి సన్నని గొట్టం చెవిలో పెట్టి, కర్ణభేరి దగ్గరికి నిజంగా ఎంత శబ్దం చేరుతోందో కొలుస్తారు. స్క్రీన్ మీద చేరాల్సిన గీత ఒకటి, చేరుతున్న గీత ఇంకొకటి. రెండూ దగ్గరయ్యేదాకా మేడమ్ మారుస్తూనే ఉన్నారు. ఈ పరికరం అన్నిచోట్లా ఉండదు. అపాయింట్‌మెంట్‌కి ఫోన్ చేసినప్పుడే అడిగేయండి.

పెట్టుకున్న కొత్తలో "కుండలో తల పెట్టి మాట్లాడినట్టుంది" అని అమ్మ గోల. చెవిలో దూరే రబ్బరు డోమ్ మార్చి, గాలి ఆడే రకం వేసేసరికి చాలావరకు తగ్గింది. అలా మళ్లీ వెళ్తే విసుక్కోకుండా చూస్తారా, సర్దుబాటుకి విడిగా డబ్బులు తీసుకుంటారా, నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారా, ఇవన్నీ డబ్బు కట్టకముందే కాగితం మీద రాయించుకోండి. ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష రిపోర్టు కాపీ కూడా తీసుకోండి.

ఆడియాలజిస్ట్ చదువు సంగతి: బీఏఎస్‌ఎల్‌పీ (వినికిడి, మాట సమస్యల మీద చేసే డిగ్రీ) గానీ ఆడియాలజీలో పీజీ గానీ ఉండాలి, రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. నంబర్ అడగడానికి మొహమాటపడకండి. సరిగ్గా పనిచేసేవాళ్లు చాలామంది గోడ మీదే పెట్టుకుంటారు.

గుంటూరు వాళ్లు కొత్తపేటలో వెతుక్కున్నా ఇవే ప్రశ్నలు. సదరం సర్టిఫికెట్ ఉండి ఆదాయం తక్కువైతే, వికలాంగులకు సహాయ పరికరాలు ఇచ్చే కేంద్రం వారి ఏడీఐపీ స్కీమ్ గురించి కూడా కనుక్కోండి.

ఒక్క మాట. రాత్రి బాగానే ఉండి పొద్దున లేచేసరికి ఒక చెవి వినపడకపోతే హియరింగ్ ఎయిడ్ షాపుకి వెళ్లకండి. అదే రోజు ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఆలస్యమైతే వినికిడి తిరిగొచ్చే అవకాశం తగ్గిపోతుంది.

మీకు సెట్ చేసినప్పుడు ఆ సన్నని గొట్టం పెట్టి కొలిచారా? ఏ ఊళ్లోనో కూడా కామెంట్‌లో రాయండి.