వ్యాఖ్య పోయిందా, దాగిందా?

అందరికీ నమస్కారం.

అచ్చయిన కథని దాచుకోడానికి మన శ్రీకాకుళంలో 1997 నుంచి కథానిలయం ఉంది. అచ్చుకి ముందు ఎడిటరు పక్కన రాసిన మాటలూ, కొట్టేసిన ముక్కలూ మాత్రం ఇప్పుడు గూగుల్ డాక్స్‌లోనో వర్డ్ ఫైల్లోనో ఉంటున్నాయి. "కామెంట్లు పెట్టానండీ" అని ఆయనంటారు, మీకు ఒక్కటీ కనబడదు. అప్పుడు ఏం చూడాలన్నదే ఈ మాటల సారం.

ముందు ఎడిటర్ని ఒక స్క్రీన్‌షాట్ పంపమనండి. ఆయన తెరమీద కామెంటు ఉందంటే అది పోలేదు, మీకు కనబడడం లేదంతే. ఇక వెతకాల్సింది మీ వైపే. ఫోన్లో రెండు జీమెయిల్ ఖాతాలుంటే, ఆయన ఏ ఖాతాకి పంపారో దానితోనే తెరవండి. షేర్ చేసినప్పుడు 'వ్యూయర్' అని ఇచ్చి ఉంటే డాక్స్‌లో కామెంట్లు కనబడవు, 'కామెంటర్'గా మార్చమనండి. 'మేక్ ఎ కాపీ' కొట్టి ఆ కాపీలో వెతుకుతున్నారేమో కూడా చూసుకోండి. కాపీ చేసేటప్పుడు కామెంట్లు, సజెషన్ల (ఎడిటరు సూచించిన దిద్దుబాట్ల) పక్కనున్న గడిలో టిక్కు పెట్టకపోతే అవి కాపీలోకి రావు. డాక్స్ నుంచి పీడీఎఫ్‌గా దించుకున్నా అంతే, కామెంట్లు రావు. వర్డ్ ఫైలుగా దించుకుంటే వస్తాయి.

కామెంటు మీద ఎవరైనా టిక్కు నొక్కితే అది 'రిజాల్వ్' అయిపోయి పక్కనుంచి తప్పుకుంటుంది. కుడివైపు పైన కామెంట్ల గుర్తు నొక్కితే పాతవన్నీ దొరుకుతాయి, మళ్లీ తెరవొచ్చు. ఏ వాక్యం మీద కామెంటు పెట్టారో ఆ వాక్యాన్నే మీరు చెరిపేస్తే అది కూడా అక్కడికే చేరుతుంది.

ఇప్పుడు వర్డ్ సంగతి. మన ప్రాంతంలో రాసేవాళ్లకి అసలు ప్రమాదం ఇక్కడుంది. వర్డ్ 2013 నుంచి 'సింపుల్ మార్కప్' అనే చూపు వచ్చింది. ఇందులో ఎడిటరు మార్చిన మాట మామూలు నల్లక్షరాల్లో, మీరే రాసినట్టు కనిపిస్తుంది. అంచున సన్నని ఎర్రగీత ఒక్కటే గుర్తు. మీరు "నాను రాను, నువ్వెల్లు" అని రాశారనుకోండి. ఆయన "నేను రాను, నువ్వు వెళ్లు" అని దిద్దారు. ఆ గీతని గమనించకపోతే పాత్ర నోట్లోంచి మన యాస మాయమైనట్టు మీకు తెలియనే తెలియదు. అది అలాగే అచ్చుకి వెళ్తుంది. యాస తెలియక దిద్దిన ఎడిటర్ని తప్పుపట్టలేం. చూసి వద్దనాల్సింది రచయితే.

అందుకే ఫైలు తెరవగానే రివ్యూ ట్యాబులోకి వెళ్లి 'ఆల్ మార్కప్' ఎంచుకోండి. కొట్టేసిన మాట రంగులో అడ్డగీతతో, చేర్చిన మాట కిందగీతతో కనిపిస్తాయి. అప్పటికీ కొన్ని కనబడకపోతే 'షో మార్కప్'లో కామెంట్లకీ, 'ఇన్సర్షన్స్ అండ్ డిలీషన్స్'కీ టిక్కు ఉందో లేదో చూడండి. అక్కడే 'స్పెసిఫిక్ పీపుల్'లో 'ఆల్ రివ్యూయర్స్' ఎంచుకోండి. ఇద్దరు దిద్దిన ఫైల్లో ఒకరి దిద్దుబాట్లే కనిపించడానికి కారణం తరచు ఇదే. 'నో మార్కప్' పెడితే దిద్దుబాట్లు పోయాయనుకుంటారు చాలామంది. పోవు, దాగుంటాయి. ఆ ఫైలు ఇంకొకరికి పంపితే వాళ్లకి అన్నీ కనిపించొచ్చు.

ఇంకో చిక్కు తెలుగుకే ప్రత్యేకం. కామెంటు ఉంటుంది గానీ ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. ఎడిటరు అను ఫాంట్లలో టైపు చేసిన మాటని తెచ్చి అతికిస్తే ఇలా అవుతుంది. ఆ ఫాంట్లు యూనికోడ్ (ప్రతి తెలుగు అక్షరానికీ అన్ని కంప్యూటర్లూ గుర్తుపట్టే సొంత సంఖ్య ఉండే పద్ధతి) కావు, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల్ని పెట్టుకున్నవి. డాక్స్ కామెంటు పెట్టెలో ఫాంటు మార్చే వీలు లేదు గనక, మీ కంప్యూటర్లో అను ఉన్నా లాభం లేదు. ఆ మాటని యూనికోడ్‌లోకి మార్చి మళ్లీ పెట్టమనాలి. అక్షరాలకి బదులు డబ్బాలు కనిపిస్తే మాత్రం అది మీ కంప్యూటర్లో తెలుగు ఫాంటు లేకపోవడమే. విండోస్‌లో అయితే గౌతమి గానీ నిర్మల యూఐ గానీ ఉందో లేదో చూడండి.

దిద్దుబాట్లన్నిటినీ ఒక్కసారే ఒప్పేసుకునే 'యాక్సెప్ట్ ఆల్' నొక్కేముందు ఎడిటరు పంపిన ఫైలుని తేదీ వేసి విడిగా ఒక కాపీ దాచండి. ఆ తర్వాత సంభాషణలున్న చోట్ల ఒక్కొక్క దిద్దుబాటూ చదువుతూ, ఉంచాల్సింది ఉంచి, వద్దన్నది 'రిజెక్ట్' చేస్తూ రండి.