ఆ పెన్సిల్ సంతకం చూడండి

అందరికీ నమస్కారం. పెద్దలందరినీ పేరుపేరునా పలకరించాలి గానీ టైమ్ తక్కువ, ఏమీ అనుకోకండి. సెప్టెంబర్ 30 కదా, కెనడాలో ఆదివాసీ పిల్లల్ని ఇళ్ల నుంచి తీసుకెళ్లి, వాళ్ల భాషా ఆచారాలూ మాన్పించడానికి పెట్టిన రెసిడెన్షియల్ స్కూళ్లని గుర్తుచేసుకునే రోజు, వాటి గురించి మాట్లాడమన్నారు. నేను ఒక్క మనిషి గురించే చెప్తాను. ఆర్ట్ థాంప్సన్ అనే ఆదివాసీ కళాకారుడు.

మనం ఉంటున్న ఈ వాంకూవర్ దీవి పడమటి తీరం చాలావరకు నూచానుల్త్ అనే ఆదివాసీ జనానిది. వాళ్లలో డిటిడాట్ వాళ్లబ్బాయి ఈయన, 1948లో పుట్టారు. అప్పటికింకా పాట్లాచ్ మీద కెనడా ప్రభుత్వం పెట్టిన నిషేధం ఉంది, 1885 నుంచి 1951 దాకా. పాట్లాచ్ అంటే పేరు పెట్టినా, పెళ్లయినా, పెద్దలు పోయినా అందర్నీ పిలిచి కానుకలు పంచే వేడుక. సెడార్ చెక్కతో మాస్కులు చెక్కేది దాని కోసమే. వేడుకే నేరమైతే చెక్కే చెయ్యి ఏమైపోవాలి?

అసలు నాకీ బాధ ఎక్కడ మొదలైందో చెప్పాలి. వచ్చిన కొత్తలో ఒక షాపులో ముచ్చటపడి మాస్క్ కొన్నాను. ఇంటికొచ్చి తిప్పి చూస్తే చెక్కినవాళ్ల పేరు లేదు, ఇంకేదో దేశంలో తయారైందని చిన్న స్టిక్కర్. మా ఓనరమ్మ అది చూసి, ఏమీ అనకుండా తన హాల్లోకి తీసుకెళ్లి థాంప్సన్ గారి ప్రింట్ చూపించింది. స్క్రీన్ ప్రింట్, అంటే చట్రానికి బిగించిన గుడ్డలోంచి ఒక్కో రంగూ విడిగా దింపుతారు. నల్లగీత లావుగా మొదలై వెంట్రుకంత సన్నబడి ఆగుతుంది. కింద పెన్సిల్‌తో అది ఎన్నో కాపీయో చెప్పే నంబరు, ఆయన సంతకం.

పేరు గురించి ఇంతగా ఎందుకంటున్నానంటే, ఆ స్కూళ్లు చాలావాటిలో పిల్లల్ని నంబర్లతో పిలిచేవాళ్లు. ఈయన ఈ దీవిలోనే ఉన్న ఆల్బెర్నీ రెసిడెన్షియల్ స్కూల్లో చదివారు. అక్కడ తనకి జరిగింది పెద్దయ్యాక నలుగురి ముందూ చెప్పారు. పిల్లల మీద లైంగిక దాడులు చేసినందుకు 1995లో అక్కడి సూపర్‌వైజర్‌కి 11 ఏళ్ల జైలు పడింది. అమ్మా, పిల్లలున్నవాళ్లు ఒక్క క్షణం ఆలోచించండి, ఆ మాట బయటికి చెప్పడానికి ఎంత గుండె కావాలి!

1994లో మన విక్టోరియాలో జరిగిన కామన్వెల్త్ క్రీడల వెండి బేటన్, అంటే ఆటలకి ముందు చేతులు మారుతూ తిరిగే దండం, దాని మీద పనిచేసిన ముగ్గురు కళాకారుల్లో ఈయనొకరు. 2003లో పోయారు.

ఓనరమ్మని బతిమాలి ఆ ప్రింట్ తెచ్చాను, తలుపు పక్కన బల్ల మీదుంది. టీకి వెళ్లేముందు చూడండి. అద్దం మీద చెయ్యి పెట్టకండి, కింద కుడివైపు చూడండి.