రక్తప్రవాహ ఇన్ఫెక్షన్లు: నిపుణుడు రోగి మంచం దగ్గరికి రావలసిన అవసరం

గౌరవనీయులైన వైద్యులకు, నర్సింగ్ సిబ్బందికి, ప్రయోగశాల మిత్రులకు నమస్కారం.

బ్లడ్ కల్చర్‌లో (రోగి రక్తాన్ని సీసాల్లో ఉంచి సూక్ష్మజీవులు పెరుగుతాయేమో చూసే పరీక్షలో) సూక్ష్మజీవి పెరిగిందని ప్రయోగశాల నుంచి కబురు రాగానే వార్డులో అందరం అడిగే మొదటి ప్రశ్న, ఏ యాంటీబయాటిక్ ఇవ్వాలని. ఆ సూక్ష్మజీవి రక్తంలోకి ఎలా చేరింది, ఇప్పటికే ఏయే అవయవాల్లో తిష్ఠ వేసింది అన్న ప్రశ్నలు మాత్రం తరచు వెనకబడిపోతాయి. ఇన్ఫెక్షన్ వ్యాధుల నిపుణుడి వల్ల రోగికి కలిగే మేలు ఎక్కువగా ఈ వెదుకులాటలోనే ఉందని నా అభిప్రాయం.

స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా ఇందుకు మంచి ఉదాహరణ. అది ఒక్క సీసాలో కనిపించినా, రక్త నమూనా బయటి నుంచి కలుషితమై ఉంటుందని కొట్టిపారేయడానికి వీల్లేదు. గుండె కవాటాలు, వెన్నుపూసలు, కీళ్లు, శరీరంలో అమర్చిన పరికరాలు దానికి ఇష్టమైన స్థావరాలు కనుక, జ్వరం తగ్గి రోగి తేరుకున్నట్టు కనిపిస్తున్నప్పుడు కూడా అది అక్కడ దాగి ఉండగలదు. నిపుణుడు వచ్చి కొత్తగా మొదలైన నడుము నొప్పి గురించి అడుగుతాడు, రక్తనాళంలో పెట్టిన పాత క్యాథెటర్ గొట్టాన్ని తీయిస్తాడు, చీము ఉంటే బయటికి తీయించమంటాడు, గుండెకు ఎకో పరీక్ష చేయిస్తాడు, రక్తం శుభ్రపడే వరకు కల్చర్లు మళ్లీ మళ్లీ పంపిస్తాడు. మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగే రకమని తేలితే వాంకోమైసిన్ ఆపి సెఫజోలిన్ వంటి మందుకు మారుస్తాడు. చికిత్స రోజులను మొదటి నెగెటివ్ కల్చర్ నుంచి లెక్కిస్తారు. చిక్కులు లేని రోగికి కనీసం 14 రోజులు, చిక్కులు ఉన్నవారికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు. ఈ లెక్క తప్పిన కేస్ షీట్లు అరుదేమీ కాదు.

నిపుణుడి సలహా అందినవారిలో మరణాలు తక్కువని అనేక పరిశీలనాత్మక అధ్యయనాలు చూపాయి. నిపుణుడు వచ్చేలోపే మరణించిన రోగి సలహా అందని వర్గంలో చేరిపోతాడు కనుక ఆ లాభం కొంత పెద్దదిగా కనిపించే అవకాశం ఉందన్న విమర్శ సరైనదే. అయినా ఆ అంశాన్ని సవరించి చూసిన అధ్యయనాల్లోనూ మేలు కనిపించింది. ఫిన్లాండ్ పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనంలో, కేవలం టెలిఫోన్‌లో సలహా పొందిన వైద్యుల రోగుల కంటే నిపుణుడు స్వయంగా పరీక్షించిన రోగుల ఫలితాలు మెరుగ్గా ఉన్నాయి. ఫోన్ చేసే వైద్యుడు తాను గమనించినదే చెప్పగలడు కదా!

మందు తగ్గించడానికీ నిపుణుడే కావాలి. రక్తప్రవాహ ఇన్ఫెక్షన్ల చికిత్సకు ఎన్ని రోజులు కావాలో చూసి 2024లో వెలువడిన ‘బ్యాలెన్స్’ అనే క్లినికల్ పరీక్షలో, స్టెఫైలోకాకస్ ఆరియస్ రోగులను, రోగనిరోధక శక్తి తీవ్రంగా తగ్గినవారిని మినహాయించి చూసినప్పుడు, 7 రోజుల చికిత్స 14 రోజుల చికిత్సకు తీసిపోలేదు. ఆ ఫలితం తన రోగికి వర్తిస్తుందో లేదో నిర్ణయించి, ఏడో రోజున మందు ఆపమని ధైర్యంగా రాయడానికి అనుభవం కావాలి. చర్మం మీది స్టెఫైలోకాకస్ రకాలు ఒకే సీసాలో పెరిగినప్పుడు అసలు మందే అక్కర్లేదని చెప్పడం కూడా అలాంటిదే. కాండిడా అనే శిలీంధ్రం రక్తంలో కనిపించినప్పుడు కంటి పరీక్ష మరిచిపోకుండా చూసేదీ సాధారణంగా ఆయనే.

కనుక స్టెఫైలోకాకస్ ఆరియస్, కాండిడా కనిపించిన ప్రతి సందర్భంలోనూ, చికిత్స చేస్తున్న వైద్యుడు అడిగే వరకు ఆగకుండా, ప్రయోగశాలే నేరుగా నిపుణుడికి తెలియజేసే ఏర్పాటు ఉండాలని కోరుతున్నాను. నిపుణుడు లేని ఆసుపత్రుల్లో దూరం నుంచి వీడియో ద్వారా రోగిని చూపించడం కేవలం ఫోన్ మాటల కంటే మేలు. రోగి ఇంటికి వెళ్లేటప్పుడు డిశ్చార్జి కాగితంలో మందు ఆపవలసిన తేదీ, తర్వాతి రక్త పరీక్షలను చూడవలసిన వైద్యుడి పేరు తప్పనిసరిగా రాయాలి.