ఒక చుక్క అంటే ఏంటి? వికీ ఎడిట్లని బొమ్మలుగా గీసేటప్పుడు

అందరికీ నమస్కారం. ముందు ఒక పని చేద్దాం, మీ ఫోన్లో వికీపీడియా తెరిచి మీకు నచ్చిన వ్యాసం ఏదైనా ఒకటి తీయండి. కంప్యూటర్లో అయితే పైన చరిత్ర అని ఒక ట్యాబ్ ఉంటుంది, ఫోన్లో అయితే పేజీ అడుగున చివరిసారి ఎప్పుడు మార్చారో చెప్పే లైను ఒకటి ఉంటుంది, దాన్ని నొక్కండి. పొడుగాటి లిస్టు వస్తుంది. ఎవరు మార్చారు, ఏ రోజు ఎన్నింటికి మార్చారు, ఎన్ని బైట్లు పెరిగాయి ఎన్ని తగ్గాయి, మార్చినవాళ్లు ఎందుకు మార్చామని రాసుకున్నారు, అన్నీ వరసగా ఉంటాయి. ఎవరో వచ్చి పేజీ మొత్తం ఖాళీ చేసి పోయారనుకోండి, ఆ ఖాళీ చేయడం కూడా అందులో ఒక లైనే. ఆ పేజీ అలాగే తెరిచి పెట్టుకోండి, చివర్లో దాంతో పని ఉంది.

ఈ లిస్టు అంతా ఎవరైనా తీసుకోవచ్చు, మొత్తం వికీపీడియా చరిత్రని డంపుల రూపంలో, అంటే పెద్ద పెద్ద ఫైళ్లుగా, ఉచితంగా దించుకోవచ్చు. ఇన్ని లక్షల మంది కలిసి చేసిన పని ఇంత వివరంగా నమోదై ఉన్న చోటు ఇంకొకటి నాకైతే తెలీదు. కానీ లిస్టుగా చదివితే ఏమీ అర్థం కాదు, వెయ్యి లైన్లు దాటాక కళ్లు తిరుగుతాయి. అందుకే బొమ్మ గీయాలి. ఇవాళ నేను చెప్పేదంతా ఆ బొమ్మ గీసేముందు అడగాల్సిన ఒక ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ఇందులో ఒక చుక్క అంటే ఏంటి?

నేను మొదట గీసింది అందరూ గీసేదే, ఎవరు ఎన్ని ఎడిట్లు చేశారో చూపించే బార్ చార్టు. ఒక పెద్ద వ్యాసం తీసుకున్నాను, అందులో పైనున్న వాడుకరి బార్ మిగతావాళ్ల కంటే చాలా పొడుగు, ఈయనే కదా ఈ వ్యాసం రాసింది అనుకున్నా. తర్వాత ఒక్కొక్క ఎడిట్ తెరిచి చూస్తే ఆయన చేసినవన్నీ కామాలు, లింకులు, వర్గాలు (వ్యాసం ఏ కోవకి చెందుతుందో చెప్పే లేబుళ్లు) సరిచేయడం. ఆ వ్యాసంలో సగానికి పైగా పాఠ్యం వేరే ఆవిడ రాశారు, ఆవిడ తన ప్రయోగశాలలో, అంటే వికీలోనే చిత్తుగా రాసుకునే సొంత పేజీలో, ఎన్నాళ్లో కూర్చుని రాసుకుని అయిపోయాక ఒకేసారి తెచ్చి పెట్టారు, కాబట్టి నా చార్టులో ఆవిడ ఒక్క ఎడిట్, అసలు కనిపించనే లేదు. ఇద్దరి పనీ పనే, నేను కామాల పనిని తక్కువ చేసి మాట్లాడటం లేదు, అది లేకపోతే వికీ నిలబడదు. కానీ నా బొమ్మ చెప్పింది అబద్ధం. ఒక చుక్క అంటే సేవ్ బటన్ నొక్కడం అనే అర్థంలో గీసి, దాన్ని రాయడం అనే అర్థంలో చదివాను.

ఈ విషయంలో నాకు కళ్లు తెరిపించింది హిస్టరీ ఫ్లో. ఐబీఎం రీసెర్చ్‌లో ఫెర్నాండా వియేగాస్, మార్టిన్ వాటెన్‌బర్గ్, కుశాల్ దవే అనే ముగ్గురు చేసిన పని, 2004లో పేపరుగా వచ్చింది. వికీపీడియాకి అప్పటికి మూడేళ్లే, అసలు ఇది నిలబడుతుందా అని చాలామందికి అనుమానం ఉన్న రోజులు. వాళ్లు చేసిందేంటంటే పేజీ ప్రతి వెర్షన్‌ని ఒక నిలువు గీతగా గీశారు, పాఠ్యం ఎంత ఉంటే గీత అంత పొడుగు. ఒక్కొక్క రచయితకి ఒక్కొక్క రంగు. ఒక వెర్షన్‌లో ఉన్న వాక్యం తర్వాతి వెర్షన్‌లో కూడా ఉంటే ఆ రెండిటినీ కలిపేశారు. అలా వందల గీతలు పక్కపక్కన చేరేసరికి రంగురంగుల పోగులతో నేసిన పొడుగాటి బట్టలా వస్తుంది, ఎవరి పోగు ఎంతదూరం సాగింది, ఎక్కడ తెగింది, అన్నీ కంటికి కనిపిస్తాయి. మొదట్లో వచ్చి రాసినవాళ్ల పోగులు చాలా దూరం సాగుతాయని, తర్వాత వచ్చినవాళ్లవి తొందరగా మారిపోతాయని ఆ బొమ్మల్లోంచే వాళ్లకి తెలిసింది.

ఇప్పుడు అసలు సంగతి. గర్భస్రావం (అబార్షన్) మీద ఉన్న ఇంగ్లీషు వ్యాసం బొమ్మలో మధ్యమధ్యలో నల్లటి కోతలు పడ్డాయి, పైనుంచి కిందదాకా కత్తితో చీల్చినట్టు. అంటే ఆ చోట ఎవరో పేజీ మొత్తం తుడిచేశారు. చూస్తే భయమేస్తుంది, ఇంతలా పాడుచేస్తుంటే ఈ పేజీ ఎలా బతికింది అనిపిస్తుంది. వాళ్లు అదే డేటాని ఇంకోలా గీశారు, వెర్షన్లని సమానదూరంలో పెట్టకుండా తేదీల ప్రకారం పెట్టారు, అంటే ఒక వెర్షన్ ఎంతసేపు ఉందో దానికి అంతే జాగా. అంతే, కోతలన్నీ మాయం! ఎందుకంటే ఆ ఖాళీ పేజీలు కొన్ని నిమిషాలే ఉన్నాయి, ఎవరో ఒకరు వెంటనే వెనక్కి తిప్పేశారు, నెలల మధ్యలో ఆ నిమిషాలు కంటికి ఆనవు.

డేటా ఒక్కటే, మారింది అడ్డగీత మీద ఏం పెట్టామన్నదే. మొదటి బొమ్మ గోరంతని కొండంత చేసిందని అనుకోవచ్చు, కానీ అదీ అబద్ధం కాదు, తుడిచేయడం అన్నిసార్లు జరిగిన మాట నిజమే కదా. రెండోది పాఠకుడికి ఏం కనిపించిందో చెప్తుంది, మొదటిది కాపలా కాసినవాళ్లు ఏం పడ్డారో చెప్తుంది. రెండూ పక్కపక్కన పెట్టాలి, ఒక్కటే చూపించి ఊరుకోకూడదు అని నేను గట్టిగా నమ్ముతాను. అంకెల్లో కూడా ఇదే తేడా ఉంది చూడండి, వాళ్ల లెక్కలో పేజీ మొత్తం తుడిచేసిన సందర్భాల్లో బాగుచేయడానికి పట్టిన టైము మధ్యస్థం 2.8 నిమిషాలు, సగటు మాత్రం 7.7 రోజులు. ఎక్కువ పేజీలు నిమిషాల్లో సర్దుకున్నాయి, ఎవరి కంటా పడని కొన్ని మారుమూల పేజీలు చాలా రోజులు అలాగే ఉండిపోయాయి. సగటు ఒక్కటే చెప్పినా, మధ్యస్థం ఒక్కటే చెప్పినా కథ సగమే.

ఇంకో పద్ధతి క్రోమోగ్రామ్, వాటెన్‌బర్గ్, వియేగాస్‌లే కేట్ హోలెన్‌బాక్‌తో కలిసి 2007లో చేశారు. ఇక్కడ పేజీ కాదు, మనిషి. ఒక వాడుకరి చేసిన ప్రతి ఎడిట్‌కి ఒక చిన్న రంగు గడి. రంగు ఎక్కణ్నుంచి వస్తుందంటే ఆ వ్యాసం పేరు లేదా ఎడిట్ సారాంశంలోని మొదటి మూడు అక్షరాల నుంచి, మొదటి అక్షరం రంగుని, రెండోది ఆ రంగు గాఢతని, మూడోది వెలుగుని నిర్ణయిస్తాయి. వినడానికి అర్థంలేని పనిలా ఉంటుంది కానీ వేల గడులు వరసగా పేర్చాక కొందరి బొమ్మ ఇంద్రధనస్సులా నెమ్మదిగా మారుతూ పోతుంది, అంటే వాళ్లు ఏదో లిస్టు పట్టుకుని అక్షరక్రమంలో పేజీలు సరిచేస్తూ పోతున్నారు. ఇంకొకరిది చల్లేసిన రంగుల్లా ఉంటుంది, ఎక్కడ ఏం జరిగితే అక్కడికి పరిగెత్తేవాళ్లు.

ఇది తెలుగు వికీకి చేద్దామనుకుంటే ఒక చిక్కుంది. మనం శ్రీ అని ఒక అక్షరం అనుకుంటాం, కంప్యూటర్‌కి అది నాలుగు కోడ్లు, శ, పొల్లు, ర, దీర్ఘం. అంటే మొదటి మూడు కోడ్లు తీసుకుంటే శ్రీతో మొదలయ్యే ప్రతి పేజీకి ఒకటే రంగు, శ్రీనాథుడికీ శ్రీలంకకీ తేడా ఉండదు. అందుకని మన లిపికి వేరేగా ఆలోచించాలి, హల్లుకి రంగు, గుణింతానికి గాఢత, తర్వాతి అక్షరానికి వెలుగు, ఇలాగైతే బాగుంటుందని నా ఆలోచన, ఎవరైనా కూర్చుని చేస్తే చూడాలని ఉంది. బైట్ల విషయం కూడా ఇలాంటిదే. కంప్యూటర్లో అక్షరాల్ని దాచే యూటీఎఫ్-8 అనే పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగు కోడ్ ఒక్కొక్కదానికి మూడు. తెలుగు అనే మాటకే 18 బైట్లు. కాబట్టి చరిత్రలో ప్లస్ మూడువేలు అని ఉంటే ఇంగ్లీషు పేజీలో అది పెద్ద పేరాలు కొన్ని, మన దగ్గర వెయ్యి కోడ్లు మాత్రమే. రెండు భాషల వికీల ఎదుగుదలని బైట్లలో గీసి పక్కపక్కన పెట్టే చార్టులు చూస్తుంటాను, దయచేసి అలా చేయకండి.

గొడవల బొమ్మల గురించి కొంచెం. హిస్టరీ ఫ్లోలో ఎడిట్ వార్ జిగ్‌జాగ్‌లా కనిపిస్తుంది, ఒకరు ఒక పేరా తీసేస్తారు ఇంకొకరు పెడతారు మళ్లీ తీసేస్తారు, చాక్లెట్ పేజీలో ఒక రకం చాక్లెట్ శిల్పం అసలు ఉందా లేదా అని అలాగే జరిగింది. 24 గంటల్లో ఒక పేజీలో మూడు రివర్టులు (వేరేవాళ్ల మార్పుని వెనక్కి తిప్పడం) దాటకూడదని ఇంగ్లీషు వికీలో రూలు ఉన్నది ఇలాంటివాటికే. 2011లో నోటబిలియా అని ఇంకొకటి వచ్చింది, వ్యాసాన్ని తొలగించాలా వద్దా అని జరిగిన చర్చల్లో అన్నిటికంటే పొడుగైన వంద తీసుకుని ఒక్కొక్కటి ఒక కొమ్మలా గీశారు, ఉంచమని ఒకరంటే కొమ్మ ఒకవైపు వంగుతుంది, తీసేయమంటే రెండోవైపు. ఏకాభిప్రాయం ఉంటే చుట్ట తిరుగుతుంది, తెగని వాదన అయితే నిటారుగా ఊగుతూ పోతుంది. చాలా అందంగా ఉంటాయి. వినే పద్ధతి కూడా ఉంది, 2013లో వచ్చిన లిజన్ టు వికీపీడియా, ఎవరైనా పాఠ్యం చేరిస్తే గంట మోగుతుంది, తీసేస్తే తీగ మీటిన చప్పుడు, మార్పు ఎంత పెద్దదైతే స్వరం అంత కిందకి. దాన్నుంచి లెక్కలేం తేలవు, కానీ ఈ క్షణంలో ఎక్కడో ఎవరో రాస్తూనే ఉన్నారని తెలియడం నాకు చాలా ముఖ్యం అనిపిస్తుంది.

ఎదుగుదల చార్టుల దగ్గర ఒక్క మాట. ఇంగ్లీషు వికీపీడియా వ్యాసాల సంఖ్య గీసి చూస్తే 2002 అక్టోబర్ దగ్గర నిలువుగా ఒక గెంతు ఉంటుంది, అప్పుడు జనం ఎగబడి రాయలేదు, రామ్‌బాట్ అనే బాట్ (తనంతట తానే ఎడిట్లు చేసే ప్రోగ్రాం) జనాభా లెక్కల నుంచి అమెరికా ఊళ్ల మీద 30,000 దాకా వ్యాసాలు చేసింది. ఫిలిప్పీన్స్ భాష అయిన సెబువానో వికీపీడియాలో వ్యాసాలు లక్షల్లో ఉండటానికి కూడా చాలావరకు ఒక బాటే కారణం. బాట్లకి వేరే రంగు వేయకుండా గీసిన చార్టుని నేను నమ్మను.

ఇక నిర్మాణం. చాలామంది వర్గాలంటే చెట్టు అనుకుంటారు, వేరు నుంచి కొమ్మలు, కొమ్మల నుంచి రెమ్మలు. కాదు. ఒక వర్గానికి ఎంతమంది తల్లులైనా ఉండొచ్చు, పైకి ఎక్కుతూ పోతే కొన్నిసార్లు తిరిగి మొదలెట్టిన చోటికే వస్తాం. దీన్ని గడుల్లో గడులుగా గీస్తే ఒకే వ్యాసాన్ని నాలుగుచోట్ల లెక్కపెడతాం, మొత్తం నెట్‌వర్క్‌గా గీస్తే చిక్కుపడిన దారపు ఉండ వస్తుంది, గోడకి తగిలించుకోవడానికి తప్ప చదవడానికి పనికిరాదు. నా అనుభవంలో పనికొచ్చేది ఒకటే, ఒక పేజీ తీసుకుని దాని చుట్టూ రెండు అంచెల దూరం వరకే గీయండి, మనిషి కన్ను అంతవరకే పట్టుకోగలదు. లింకుల్లో మాత్రం ఒక ఆసక్తికరమైన దారి ఉంది, ఇంగ్లీషు వికీలో ఏ వ్యాసంలోనైనా బ్రాకెట్లలోవి వదిలేసి మొదటి లింకు నొక్కుతూ పోతే చాలావరకు తత్వశాస్త్రం పేజీకి చేరతాం. మొదటి వాక్యం మామూలుగా ఫలానాది ఫలానా రకానికి చెందినది అని ఉంటుంది కదా, అందుకని ప్రతి నొక్కుకీ ఇంకా విశాలమైన భావనకి వెళ్తాం, చివరికి మిగిలేది అదే.

కానీ నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది మూసలు, అంటే ఒకచోట రాసిపెట్టి చాలా పేజీల్లో వాడుకునే ముక్కలు (టెంప్లేట్లు). ఒక మూస వేల పేజీల్లో వాడతారు, దాన్ని ఎవరైనా ఒక్కసారి మార్చితే ఆ వేల పేజీలు పాఠకుడికి వేరేగా కనిపిస్తాయి, కానీ వాటిలో ఏ ఒక్క పేజీ చరిత్రలోనూ ఆ మార్పు ఉండదు, అది మూస చరిత్రలో మాత్రమే ఉంటుంది. ఇంకా చెప్పాలంటే పదేళ్ల కిందటి వెర్షన్ తెరిచినా మూస మాత్రం ఇవాల్టిదే కనిపిస్తుంది, అప్పటి పాఠకుడు చూసిన పేజీ మనకి సరిగ్గా తిరిగి రాదు. అంటే అన్నిటికంటే ఎక్కువమంది చూసిన ఎడిట్ మన బొమ్మలో చుక్కగా కూడా లేదు! దీనికి సరైన గీత ఇప్పటికీ నాకు దొరకలేదు, మూస మార్పుల్ని పేజీ చరిత్ర కింద వేరే వరసలో నీడలా పెట్టి చూస్తున్నాను, కొంచెం నయం.

చివరిగా మనుషుల సంగతి. ఒక వాడుకరి ఎడిట్ల టైములు తీసుకుని వారంలో ఏ రోజు ఏ గంటకి ఎన్ని అని గీస్తే టైమ్ కార్డ్ వస్తుంది. చాలా తేలిక, పది లైన్ల కోడ్. కానీ ఆ బొమ్మలో ఖాళీగా ఉన్న జాగా ఏంటి, ఆ మనిషి నిద్ర. శనివారం లెక్క మిగతా రోజుల్లా లేదంటే ఉద్యోగం. రెండు నెలలు ఏమీ లేవంటే ఒంట్లో బాగోలేదేమో, ఇంట్లో ఏమైందో. డేటా పబ్లిక్కే కదా అంటారు, నిజమే, ఒక్కొక్క లైనుగా పబ్లిక్కే, కానీ అన్నీ కలిపి గీసేసరికి ఆ మనిషి ఎప్పుడూ చెప్పని విషయం మనం చెప్పినట్టవుతుంది. ఎక్స్‌టూల్స్ అనే టూల్‌లో చాలా వికీల్లో ఇలాంటి గణాంకాలు వాడుకరి తనే ఒప్పుకుంటే తప్ప చూపించరు, అది సరైన పద్ధతి. నేను గీసినవాటిలో పేర్లతో ఉన్న టైమ్ కార్డులు మొత్తం తీసేశాను, ఇప్పుడు వికీ మొత్తానికి కలిపే గీస్తాను, అక్కడ ఒక చుక్క అంటే ఆ గంటలో అందరూ కలిసి చేసిన పని.

సరే, మీరు మొదట్లో తెరిచిన చరిత్ర పేజీ ఉంది కదా, దాన్ని ఇప్పుడు కిందకి జరుపుతూ పోండి. పెద్ద మైనస్ అంకె ఎవరికి కనిపించిందో చెయ్యెత్తండి. దాని పైలైను (అంటే తర్వాత వచ్చిన మార్పు) టైము, దాని టైము రెండూ చదవండి, మధ్యలో ఎంతసేపు గడిచిందో ఇక్కడ బోర్డు మీద రాసుకుందాం.