కంటైనర్ లేచింది, సర్వీసు లేవలేదు

మిత్రులారా, నమస్కారం. ఆదివారం పూట కూడా మారతహళ్లి ట్రాఫిక్ దాటుకుని వచ్చిన మీకు, కొత్త ఉద్యోగంలో మొదటి వారం ఎలా గడుస్తుందో నేను చెప్పనక్కరలేదు. అనంతపురం నుంచి వచ్చి మా బృందంలో చేరిన ఒక అమ్మాయి, పన్నెండు సర్వీసులు, అంటే విడివిడిగా నడిచే చిన్న ప్రోగ్రాములు, ఉన్న మా ప్లాట్‌ఫారాన్ని తన ల్యాప్‌టాప్‌లో నిలబెట్టడానికి నాలుగు రోజులు తంటాలు పడింది. "నిన్న సాయంత్రం బాగానే పనిచేసింది, పొద్దున చూస్తే ఆర్డర్ల సర్వీసు లేవడం లేదన్నా" అంది. తప్పు ఆమెది కాదు, మేము రాసిపెట్టిన డాకర్ కంపోజ్ ఫైలుది. ఒక్కో సర్వీసు తన కంటైనర్‌లో, అంటే కావలసినవన్నీ సర్దిపెట్టిన విడి పెట్టెలో, ఎలా లేవాలో చెప్పేది ఆ ఫైలే.

సాయంత్రం డేటాబేస్ అప్పటికే నడుస్తూ ఉంది. పొద్దున మాత్రం అన్నీ ఒక్కసారే మొదలయ్యాయి. ఆర్డర్ల సర్వీసు డేటాబేస్ తరువాతే లేవాలని మేము 'డిపెండ్స్ ఆన్' అని రాసి చేతులు దులుపుకున్నాము. పేరు మాత్రమే ఇచ్చి వదిలేస్తే, అది డేటాబేస్ కంటైనర్ మొదలయ్యేదాకానే ఆగుతుంది తప్ప, లోపల మా డేటాబేస్ అయిన పోస్ట్‌గ్రెస్ 5432 పోర్టు మీద కనెక్షన్లు తీసుకోవడానికి సిద్ధమైందో లేదో చూడదు. ఇల్లు అలకగానే పండగ కాదు కదా! అందుకే పోస్ట్‌గ్రెస్‌కు "సిద్ధమేనా" అని అడిగే 'పీజీ ఈజ్ రెడీ' కమాండ్‌తో హెల్త్ చెక్ పెట్టి, అది సరే అనేదాకా ఆగమనే 'సర్వీస్ హెల్తీ' షరతు జోడించాము.

ఇందులోనూ ఒక మెలిక ఉంది. వాల్యూమ్, అంటే డేటా దాచే చోటు, ఖాళీగా ఉన్నప్పుడు పోస్ట్‌గ్రెస్ అధికారిక ఇమేజ్ (కంటైనర్‌కు మూస) ముందుగా ఒక తాత్కాలిక సర్వర్‌ను లేపి, టేబుళ్ల వంటివి తయారుచేసే ఇనిట్ స్క్రిప్టులు నడిపి, దాన్ని ఆపి, ఆ తరువాతే అసలు సర్వర్‌ను మొదలుపెడుతుంది. ఆ తాత్కాలిక సర్వర్ యూనిక్స్ సాకెట్ మీద, అంటే నెట్‌వర్క్ పోర్టుతో పనిలేని లోపలి దారిలో, మాత్రమే వింటుంది కనుక, హెల్త్ చెక్‌లో హోస్టుగా 127.0.0.1 ఇవ్వకపోతే అదీ ఆ సాకెట్ మీదే అడుగుతుంది, ఆ మధ్యలోనే "సిద్ధం" అన్న జవాబు వచ్చి మనల్ని మోసగిస్తుంది. మాకు ఇది తెలియడానికి ఒక పూటంతా పట్టింది. పైగా హెల్త్ చెక్ ఆరంభానికే పనికొస్తుంది. నడుమ డేటాబేస్ పడి లేస్తే మళ్లీ ప్రయత్నించే తెలివి సర్వీసు కోడ్‌లోనే ఉండాలి.

ఆ ఇనిట్ స్క్రిప్టులు డేటా డైరెక్టరీ ఖాళీగా ఉంటేనే నడుస్తాయి. తోటివారు కొత్త టేబుల్ చేర్చినా మీ దగ్గర కనబడకపోవడానికి తరచుగా ఇదే కారణం. అవి మళ్లీ నడవాలంటే వాల్యూమ్ తీసేయాలి. సర్వీసులను దించే 'డౌన్' కమాండ్ ఒక్కటే ఇస్తే, అది పేరు పెట్టిన వాల్యూమ్‌ను తీసేయదు, 'మైనస్ వీ' చేర్చితే తీసేస్తుంది. కష్టపడి నింపుకున్న టెస్ట్ డేటా కూడా దానితోనే పోతుందని గుర్తుంచుకోండి.

ఇక లోకల్‌హోస్ట్ సంగతి. కంటైనర్ లోపల ఆ మాటకు అర్థం ఆ కంటైనరే, మీ ల్యాప్‌టాప్ కాదు. పక్క సర్వీసును కంపోజ్ ఫైలులో ఉన్న దాని పేరుతోనే పిలవాలి.

అయినా పన్నెండింటినీ లేపడం అవసరమా? ఆ అమ్మాయి పనికి కావలసినవి మూడే. మిగతావాటిని ప్రొఫైళ్లుగా, అంటే పేరు పెట్టిన గుంపులుగా, విడదీసి, అడిగినప్పుడే లేచేలా చేశాము. మా బృందంలో అన్నిటికంటే ముందు చేయవలసిన ఈ పనిని అన్నిటికంటే చివర చేశామని ఒప్పుకుంటున్నాను. ఇప్పుడు ఆ ఫైలునే తెర మీద పెడుతున్నాను, ముందుగా పోస్ట్‌గ్రెస్ భాగం చూద్దాం.