ఇంట్లో కూడా ఇంగ్లిషేనా? – ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: హలో, ఎక్కణ్నుంచి మాట్లాడుతున్నారమ్మా?

కాలర్: సిద్దిపేట దగ్గర నుంచి సార్. మా పాప ఒకటో తరగతి, ప్రైవేట్ బడి. ఇంట్ల కూడా ఇంగ్లిష్‌లనే మాట్లాడాలె, అప్పుడే వస్తది అంటున్నరు టీచర్లు. మాకేమో అంత రాదు. కమ్, ఈట్, స్లీప్... గంతే. ఇప్పుడు పాప ముచ్చట్లు చెప్తనే లేదు.

సలహాదారు: ఎవరితోనూ చెప్పదా?

కాలర్: నాయనమ్మతోని మస్తు చెప్తది. మాతోనే.

సలహాదారు: మరి నాయనమ్మది ఏ మీడియమమ్మా? (నవ్వు) ఈ రోజు నుంచే ఇంట్లో ఇంగ్లిష్ మానేయండి. బళ్లో ఏం జరిగింది, ఎవరు కొట్టుకున్నారు, వర్షం ఎందుకు పడుతుంది, అన్నీ తెలుగులో మాట్లాడించండి. మూడు ముక్కల ఇంగ్లిష్‌తో పిల్ల ఆలోచన పెరగదు.

కాలర్: మరి పిల్లను ఆ భాషల ముంచితేనే, అంటే పొద్దంత అందులనే మాట్లాడితేనే వస్తదంటరు కద సార్?

సలహాదారు: ఆ పద్ధతికి పేరొచ్చింది కెనడాలో. 1965లో మాంట్రియల్ పక్కన సెయింట్ లాంబర్ట్‌లో ఇంగ్లిష్ మాట్లాడే తల్లిదండ్రులు పట్టుబట్టి కిండర్‌గార్టెన్ నుంచే ఫ్రెంచ్‌లో చెప్పించారు. ఫ్రెంచ్ బాగా వచ్చింది, ఇంగ్లిష్ ఏమీ పోలేదు. మనవాళ్లు ఇంతవరకే చెబుతారు. ఆ క్లాసులో ఫ్రెంచ్ అందరికీ కొత్తే. మొదట్లో పిల్లలు ఇంగ్లిష్‌లో అడిగినా టీచరుకు అర్థమయ్యేది, తప్పు పట్టేవారు కాదు. రెండో తరగతి నుంచి ఇంగ్లిష్ పాఠాలూ పెట్టారు. ఇంట్లో, వీధిలో సొంత భాష ఉండనే ఉంది. తెలుగు మాట్లాడితే ఫైన్ వేసే బడికీ దానికీ పోలికేమిటి? మీ బళ్లో వేస్తారా?

కాలర్: ఐదు రూపాయలు సార్.

సలహాదారు: వెళ్లి గట్టిగా అడగండమ్మా, మొహమాటపడొద్దు. టీచరు పాఠం తెలుగులో విప్పి చెబుతారా లేదా అన్నదీ కనుక్కోండి. ఇంకొకటి, తొందరపడొద్దు. కొత్త భాషలో ఆటపాటల మాటలు రెండేళ్లలో వచ్చేస్తాయి. పాఠం చదివి అర్థం చేసుకునే భాషకు ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందని జిమ్ కమిన్స్ అనే కెనడా పరిశోధకుడు చెప్పాడు. తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలు ఇస్తున్నారు. పక్కింటి పిల్లల దగ్గర లెక్కల పుస్తకం ఉంటే తెచ్చుకోండి. తెలుగు పేజీ మీరు చదవండి, ఇంగ్లిష్ పేజీ పాప చదువుతుంది.

యాంకర్: పాడేరు నుంచి ఒక టీచర్ గారు లైన్‌లో ఉన్నారు.

కాలర్: నమస్కారమండీ. మా బడి పిల్లలు ఇంట్లో కువి అనే గిరిజన భాష మాట్లాడతారు. పుస్తకంలో ఇంగ్లిష్, నేను చెప్పేది తెలుగు. ఏదీ ఎక్కట్లేదండీ.

సలహాదారు: వాళ్లకు తెలుగు కూడా పరాయి భాషే కదా మాస్టారూ. ఇంగ్లిష్ వద్దని మనం ఇంత గొడవ చేస్తాం గానీ, తెలుగుతో ఆ పిల్లలకు మనం చేసిందీ అదే. ఉమ్మడి రాష్ట్రంలో సవర, కువి, కోయ, గోండి వగైరా ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో వాచకాలు వేశారు. మీ దగ్గరున్నాయా?

కాలర్: చూళ్లేదండీ.

సలహాదారు: బీరువా వెతకండి, లేకపోతే దగ్గర్లోని ఆశ్రమ పాఠశాలలో అడగండి. పాతవైనా పనికొస్తాయి. ఊళ్లో కువి మాట్లాడే ఇంటర్ పిల్ల ఎవరైనా ఉంటే రోజూ ఒక పీరియడ్ పక్కన కూర్చోబెట్టుకోండి. మొదట కథ కువిలో చెప్పించి, తర్వాత అదే కథ మీరు తెలుగులో చెప్పండి.