రాత్రి రెండింటికి లేచేవాళ్లు

శ్రోతలకు నమస్కారం.

మా పాప పుట్టిన రెండో రోజు రాత్రి సంగతి ఇది. ఆసుపత్రిలో జనరల్ వార్డు. తొమ్మిది దాటితే మగవాళ్లను లోపల ఉండనివ్వరు. వరండాలో చాపలు పరుచుకుని పది పన్నెండు మందిమి పడుకున్నాం. పడుకున్నాం అనడం మాటవరసకే. లోపల ఏ బిడ్డ ఏడ్చినా బయట అందరం లేచి కూర్చునేవాళ్లం, మన బిడ్డేనేమో అని.

రాత్రి రెండింటికి ఏడ్చింది మాత్రం మా పాపే. కిటికీలోంచి చూస్తున్నాను. మా ఆవిడ మంచం మీద ముందుకు వంగి కూర్చుని పాలు పట్టబోతోంది. పాప నోరు పెడుతుంది, వదిలేస్తుంది, గుక్కపట్టి ఏడుస్తుంది. మా అత్తయ్య పక్కన నిలబడి, "పాలు పడలేదేమోనే, డబ్బా పాలు తెప్పించమందామా" అంటోంది. ఆవిడ ప్రేమతోనే అంది. కానీ బాలింత చెవిన పడకూడని మాట ఏదైనా ఉందంటే అదే. మా ఆవిడ కళ్లల్లో గిర్రున నీళ్లు తిరిగాయి.

అప్పుడు పక్క మంచం ఆవిడ లేచింది. పధ్నాలుగో నంబరు బెడ్. ఆమెకు రెండో కాన్పు. తన బిడ్డను వాళ్లమ్మ చేతిలో పెట్టి, కుట్లు లాగుతుంటే పొట్ట పట్టుకుని నాలుగడుగులు నడిచొచ్చింది. ఏం చెప్పిందో నాకు తెల్లారాక తెలిసింది.

"నువ్వు పాప మీదకి వంగకు చెల్లీ, పాపనే నీ దగ్గరికి తెచ్చుకో. వీపు వెనక దిండు పెట్టుకుని ఆనుకో. దాని పొట్ట నీ పొట్టకి ఆనాలి. మొనతో పై పెదవి తాకించు. ఆవలించినట్టు పెద్దగా నోరు తెరుస్తుంది చూడు, అప్పుడు దగ్గరికి తీసుకో. మొన ఒక్కటీ పడితే నీకు నొప్పి, దానికి పాలు రావు. చుట్టూ నల్లగా ఉన్నది కూడా నోట్లోకి పోవాలి."

మూడోసారికి కుదిరింది. పాప గడ్డం రొమ్ముకు ఆనింది, కింది పెదవి బయటికి విచ్చుకుంది. దవడ కదలడం కిటికీ ఇవతల నుంచి నాకే కనిపించింది. వార్డు నిశ్శబ్దమైపోయింది. పక్కన కూర్చున్నాయన, పేరు కూడా అడగలేదు నేను, ఫ్లాస్కులోంచి సగం గ్లాసు టీ పోసి నా చేతిలో పెట్టాడు.

ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఆ ఇద్దరి గురించే. పసిబిడ్డకు పాలు పట్టడం గురించి డాక్టర్లు చెబుతారు, పెద్దవాళ్లు చెబుతారు. కానీ అప్పుడే ఆ దారిలో నడుస్తున్నవాళ్లు, మనకంటే నాలుగడుగులు ముందున్నవాళ్లు చెప్పే మాట ఇంకోలా పనిచేస్తుంది.

ముర్రుపాల విషయమే చూడండి. మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి చిక్కగా, పచ్చగా, చాలా కొద్దిగా ఉంటాయి. "ఇంతేనా?" అని హడలిపోతాం. మొదటి రోజు బిడ్డ పొట్టలో పట్టేది ఒక్కో విడతకు ఓ టీస్పూనుడు. అంతకు మించి అవసరమూ లేదు. రోగాలను తట్టుకునే శక్తి ఆ చెంచాడు పాలలోనే ఉంటుంది. ఇప్పటికీ కొన్ని ఇళ్లలో అవి చెడ్డ పాలని పిండి పారబోసి, బిడ్డకు తేనె నాకిస్తారు. తేనె ఏడాది నిండేదాకా ప్రమాదం. పుట్టిన గంటలోపే తల్లిపాలు మొదలుపెట్టాలనీ, ఆరు నెలలు అవి తప్ప నీళ్లు కూడా వద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఇక "పాలు చాలట్లేదు" అనే బెంగ. ఏడుపును బట్టి ఇది తేల్చలేం. తడిసిన గుడ్డల్ని బట్టి తేల్చాలి. ఈ ఉపాయం వరండాలో టీ పోసినాయనే చెప్పాడు, వాళ్ల మొదటి బిడ్డప్పుడు నర్సమ్మ నేర్పిందట. మొదటి రోజు ఒకటి, రెండో రోజు రెండు, అలా పెరిగి, అయిదో రోజు దాటాక రోజుకు ఆరైనా తడవాలి. మా అత్తగారింట్లో గోడకున్న క్యాలెండర్ మీద పెన్సిల్‌తో గీతలు పెట్టడం నా డ్యూటీ అయింది. ఏడో రోజున ఎనిమిది గీతలు. ఎవరైనా "పాలు చాలట్లేదేమో" అనగానే నేను క్యాలెండర్ చూపించేవాణ్ని. పుట్టిన బిడ్డ మొదటి వారంలో కాస్త బరువు తగ్గడం మామూలే, రెండు వారాల్లోపు మళ్లీ పుట్టినప్పటి బరువుకు రావాలి. ఇంటికొచ్చిన ఆశా కార్యకర్త తూకం వేసి చూపించాక మా అత్తయ్య కూడా క్యాలెండర్‌ను నమ్మింది. ఆశాలు మూడో రోజు, ఏడో రోజు, తర్వాత 14, 21, 28, 42 రోజులకు ఇంటికొస్తారు. వచ్చినప్పుడు సిగ్గుపడకుండా అన్నీ అడగండి.

అత్తగారింట్లో అన్నాను కదా. మన దగ్గర కాన్పు పుట్టింట్లో. బాలింతకు విశ్రాంతి దొరుకుతుంది, వేణ్నీళ్ల స్నానం, పథ్యం, పక్కన తల్లి. చాలా మంచి పద్ధతి. కాకపోతే అందులో తండ్రికి చోటు లేదు. ఆదివారం పూట పళ్లు పట్టుకుని చుట్టంలా రావాలి, బిడ్డను రెండు నిమిషాలు ఎత్తుకోవాలి, ఏడవగానే ఎవరో ఒకరు లాక్కుంటారు. మూడో నెలో అయిదో నెలో వచ్చాక తల్లీబిడ్డలు మన ఇంటికి వస్తారు. అప్పటికి బిడ్డకు మనం కొత్త. నాకది నచ్చలేదు. మా కంపెనీ మూడు రోజులు సెలవిచ్చింది. మన దేశంలో తల్లికి 26 వారాల జీతంతో సెలవు 2017 నుంచి చట్టంలో ఉంది, తండ్రికి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగమైతే 15 రోజులు ఇస్తారు, ప్రైవేటులో మాత్రం యజమాని దయ. దాచుకున్న సెలవులన్నీ కలిపి నేనూ 15 రోజులు చేసుకున్నాను. అల్లుడు పదిహేను రోజులు అత్తారింట్లో తిష్ట వేస్తే తెనాలి పక్క పల్లెటూళ్లో ఏమంటారో మీకు చెప్పక్కర్లేదు.

అన్నారు. అననీయండి.

పాలివ్వడం నా వల్ల కాదు. మిగతావన్నీ అవుతాయి. పసిబిడ్డ రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు తాగుతుంది. అందులో మూడు నాలుగు రాత్రిపూటే. రాత్రి పాలు మానిపిస్తే తల్లికి నిద్ర దొరుకుతుందని సలహా ఇచ్చేవాళ్లుంటారు. పాలు ఊరడానికి కావలసిన హార్మోను రాత్రే ఎక్కువ విడుదలవుతుంది, మొదట్లోనే రాత్రి విడతలు మానేస్తే పాలు తగ్గిపోతాయి. అందుకని మేం ఇలా సర్దుకున్నాం. పాప కదలగానే నేను లేచి గుడ్డ మార్చి తల్లికి అందించాలి. తాగడం అయిపోగానే నేను తీసుకోవాలి, ఆమె పడుకోవాలి. భుజాన వేసుకుని, మెడ కింద చెయ్యి ఉంచి, వీపు నిమిరితే తేన్పు వస్తుంది. ఒక్కోసారి వెంటనే, ఒక్కోసారి పావుగంటకు. తర్వాత నిద్రపుచ్చడం. ఒక్కో విడతకు అరగంట వేసుకున్నా రాత్రికి గంటన్నర, రెండు గంటలు. బాలింతకు అది చిన్న నిద్ర కాదు.

ఇంకొకటుంది. దూడను విడిస్తే గానీ ఆవు చేపదని మనకు తెలుసు. కొత్త మనిషి వచ్చి కసురుతూ కూర్చుంటే అప్పుడూ చేపదు. మనుషుల్లోనూ అంతే. పాలు ఊరడం ఒకటి, ఊరిన పాలు చేపుకు రావడం ఇంకొకటి. భయం, నొప్పి, అవమానం ఉంటే ఆ చేపు ఆగుతుంది. అందుకే ఆ రాత్రి పధ్నాలుగో బెడ్ ఆవిడ బిడ్డను పట్టుకోవడం నేర్పడంతో పాటు, "నాక్కూడా మొదటివాడప్పుడు ఇలాగే అయింది" అన్న మాట అంత పనిచేసింది.

బాలింతకు మంచినీళ్లు ఎక్కువ పోయకూడదని మా అత్తయ్య పట్టుదల. పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ, దాహమేసినప్పుడల్లా తాగాలి. వాదించి లాభం లేదని, నీళ్లు కాచి ఫ్లాస్కులో పోసి మంచం పక్కన పెట్టాను. కాచిన నీళ్లు కాబట్టి ఆవిడ ఒప్పుకుంది. పాప తాగుతున్నప్పుడు గ్లాసు అందించడం కూడా నా పనే.

సాయంత్రం ఏడుపు గురించి ఎవరూ ముందుగా చెప్పలేదు మాకు. రెండు మూడు వారాలప్పుడు మొదలవుతుంది. దీపాలు పెట్టే వేళకు అందుకుంటే ఓ పట్టాన ఆపదు. పాలు తాగుతుంది, ఏడుస్తుంది, మళ్లీ తాగుతుంది. దిష్టి తీశారు, సాంబ్రాణి వేశారు. ఆ పొగ పసి ఊపిరితిత్తులకు మంచిది కాదని ఆశా చెప్పాక మానేశారు, దిష్టి మాత్రం కొనసాగింది, దానివల్ల నష్టమేం లేదు. ఈ ఏడుపు ఆరు వారాల దాకా పెరిగి, మూడు నాలుగు నెలలకు దానంతటదే తగ్గుతుంది. అప్పటిదాకా చేయగలిగింది చెయ్యాలి. చొక్కా విప్పి బిడ్డను ఛాతీకి ఆనించుకుని దుప్పటి కప్పుకుంటే మా పాప ఊరుకునేది. బరువు తక్కువగా పుట్టిన పిల్లలకు ఇదే పద్ధతిని కొలంబియాలోని బొగోటాలో 1978లో మొదలుపెట్టారు. కంగారూ సంరక్షణ అంటారు. తండ్రి ఛాతీ కూడా పనికొస్తుంది. నిద్రపోయాక మాత్రం వెల్లకిలా, గట్టి పరుపు మీద, చుట్టూ దిండ్లు లేకుండా పడుకోబెట్టాలి.

ఒక రాత్రి నాకు సహనం పోయింది. దాచను. నాలుగు రోజులుగా నిద్ర లేదు, గంటన్నరగా ఏడుపు. వరండా స్నేహితుల గ్రూపు ఒకటి పెట్టుకున్నాం, నాలుగు కుటుంబాలు, పేరు కూడా "వరండా" అనే. రాత్రి 2.40కి "ఎవరైనా లేచి ఉన్నారా" అని పెట్టాను. టీ పోసినాయన వెంటనే ఫోన్ చేశాడు. "బిడ్డను మంచం మధ్యలో కాదు తమ్ముడూ, కింద చాప మీద వెల్లకిలా పడుకోబెట్టు. బయటికెళ్లి అయిదు నిమిషాలు నిలబడు. ఏడిస్తే ఏడవనీ. కోపంలో మాత్రం ఎత్తుకోకు, ఊపకు." పసిబిడ్డను కోపంగా కుదిపితే మెదడుకు దెబ్బ తగులుతుంది. ఆ మాట ఆయన అనలేదు, నాకు తర్వాత తెలిసింది. అరుగు మీద నిలబడ్డాను. ఆయన ఫోన్ పెట్టేయలేదు, అటునుంచి వాళ్లబ్బాయి ఏడుపు కూడా వినపడుతూనే ఉంది.

అమెరికాలో 1956లో, పోత పాలే మేలని డాక్టర్లే చెబుతున్న రోజుల్లో, ఇల్లినాయ్ రాష్ట్రంలో ఏడుగురు తల్లులు ఇలాగే ఒకరికొకరు తోడుగా కూర్చుని ఓ సంఘం మొదలుపెట్టారు. లా లేచే లీగ్ దాని పేరు. లేచే అంటే స్పానిష్‌లో పాలు. నాకు మాత్రం రాత్రిళ్లు లేచేవాళ్ల సంఘం అనే వినపడుతుంది. మన హైదరాబాద్ నిలోఫర్ ఆసుపత్రిలో ధాత్రి అని తల్లిపాల బ్యాంకు ఉంది. ఒక తల్లికి ఎక్కువైన పాలు ఇంకో తల్లి బిడ్డకు అందుతాయి.

అన్ని ప్రయత్నాలూ చేసినా పాలు చాలని తల్లులూ ఉంటారు. వాళ్లను దోషుల్లా చూడకండి. డాక్టరు చెబితే పోత పాలు పట్టొచ్చు. పిండిన తల్లిపాలైనా సరే, సీసా కంటే మన ఉగ్గుగిన్నె మేలు, కడగడం సులువు. గిన్నెను మరుగుతున్న నీళ్లలో ఉడికించి వాడండి. బాలింత మొదటి రోజుల్లో ఊరికే కళ్లనీళ్లు పెట్టుకోవడం మామూలే. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, బిడ్డ మీద ధ్యాస లేకపోతే, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సహాయం టెలీ మానస్ నంబరు 14416, ఎప్పుడైనా ఉచితంగా మాట్లాడొచ్చు. బిడ్డ పాలు తాగడం మానేసినా, ఒళ్లు కాలినా, అరికాళ్ల దాకా పచ్చబడినా తెల్లారే దాకా ఆగకండి.

మా పాపకిప్పుడు పధ్నాలుగు నెలలు. పోయిన వారం మా ఆఫీసులో కుర్రాడు, భార్య కాన్పయి మూడు రోజులు, అర్ధరాత్రి ఫోన్ చేశాడు, పాలు పడలేదేమో అన్నా అని. నేను మా ఆవిణ్ని లేపాను. ఆమె వాళ్లావిడతో మాట్లాడుతూ, "నువ్వు పాప మీదకి వంగకు చెల్లీ" అంది. ఆ మాట ఎవరిదో మా ఇద్దరికీ తెలుసు. మా ఆవిడ ఫోన్‌లో ఆ నంబరు ఇప్పటికీ "పధ్నాలుగో బెడ్ అక్క" అనే ఉంది.

ఉంటాను. నమస్కారం.